టీచర్‌కు తన బోధన మీద ఎంత నమ్మకముంది? కొలిచే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

శిక్షణ ఆఖరి రోజు సాయంత్రం ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచుతాం. బస్సు టైమవుతోందని అందరూ గబగబా నింపి ఇచ్చేస్తారు. "శిక్షణ ఉపయోగపడిందా?" అన్న ప్రశ్న దగ్గర దాదాపు అన్నీ ఐదుకు ఐదులే. ప్రాథమిక పాఠశాలల టీచర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. ఒకసారి అలా ఐదు వేసిన ఒక ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) గారి బడికి నెల తర్వాత వెళ్లాను. ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలందరూ ఒకే గదిలో ఉన్నారు, ఆయన ఒక్కరే. శిక్షణలో చూపించిన గ్రూపు పద్ధతి ఎక్కడా కనిపించలేదు. ఎందుకని అడిగితే ఆయన అన్నారు: "మీరు చెప్పింది బాగుంది సర్. అర్థమైంది కూడా. కానీ ఈ గదిలో, ఈ ఇరవై ఇద్దరితో అది నేను చేయగలనా అని నన్నెవరూ అడగలేదు కదా."

ఆ మాట నన్ను వదల్లేదు. మనం అడగాల్సిన ప్రశ్న అదే. దాన్ని ఎలా అడగాలి, వచ్చిన జవాబును అంకెల్లోకి ఎలా తేవాలి, ఆ అంకెలను ఎంతవరకు నమ్మాలి అన్నదే ఈ మార్గదర్శి. డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) లెక్చరర్లకు, చుట్టుపక్కల బడులన్నీ కలిసిన స్కూల్ కాంప్లెక్స్ హెచ్‌ఎంలకు, బీఈడీ, ఎంఈడీ ప్రాజెక్టు చేస్తున్నవారికి, తన బడిలోనే చిన్నగా మొదలుపెడదామనుకునే హెచ్‌ఎంకు పనికొచ్చేలా రాస్తున్నాను.

కొలిచేది దేన్ని?

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో సెల్ఫ్ ఎఫికసీ అన్న భావనను ముందుకు తెచ్చారు. తెలుగులో స్వీయ సామర్థ్య విశ్వాసం అంటున్నాం. ఫలానా పనిని, ఫలానా పరిస్థితిలో నేను చేయగలనన్న నమ్మకం అని అర్థం. ఈ నమ్మకం ఉన్నవాళ్లు మధ్యలో కష్టమొచ్చినా పని వదలరు. లేనివాళ్లు తమకు వచ్చిన పనిని కూడా మొదలుపెట్టడానికి జంకుతారు.

దీన్ని మరికొన్నింటితో కలిపేస్తుంటాం. "నేను మంచి టీచర్‌ని" అనుకోవడం ఆత్మగౌరవం. పాఠం నిజంగా బాగా చెప్పడం నైపుణ్యం. ఈ వృత్తంటే ప్రాణం అనడం ఇష్టం. ఈ మూడూ నిండుగా ఉన్న టీచర్ కూడా, గుణింతాలు రాని నాలుగో తరగతి పిల్లవాడు ఎదురుగా కూర్చుంటే "వీడికి నేను నేర్పలేను" అనుకోవచ్చు. మనకు కావలసింది ఆ చివరి మాట.

ఈ కొలత మొదట్లో ఎలా ఉండేదో తెలిస్తే ఏ పొరపాటు చేయకూడదో తెలుస్తుంది. 1976లో అమెరికాలో రాండ్ సంస్థ లాస్ ఏంజిలిస్ బడుల్లో చదవడం నేర్పే కార్యక్రమాలను పరిశీలిస్తూ టీచర్లను రెండే ప్రశ్నలు అడిగింది. పిల్లల చదువు చాలావరకు ఇంటి వాతావరణం మీద ఆధారపడుతుంది కాబట్టి టీచర్ చేయగలిగేది తక్కువ అన్న మాటతో ఏకీభవిస్తారా అన్నది ఒకటి. గట్టిగా ప్రయత్నిస్తే ఎంత కష్టమైన పిల్లలకైనా నేర్పగలనని అనుకుంటున్నారా అన్నది రెండోది. 1984లో గిబ్సన్, డెంబో అనే పరిశోధకులు ఈ దారిలోనే 30 వాక్యాల మాపని (కొలిచే ప్రశ్నావళి) తయారుచేశారు. అందులోనూ ఈ రెండు పాయలూ ఉన్నాయి.

"ఇంట్లో పట్టించుకోకపోతే మనం మాత్రం ఏం చేస్తాం" అన్న మాట మన స్టాఫ్ రూముల్లో రోజూ వినపడేదే. కానీ అది టీచర్లందరి గురించి, మొత్తం చదువు గురించి ఒక అభిప్రాయం. ఆ మాట అన్న మేడమే గంట కొట్టగానే తరగతిలోకి వెళ్లి, ఇంట్లో ఎవరూ చదువుకోని పిల్లకు ఒత్తులు నేర్పుతూ ఉండొచ్చు. కాబట్టి మీ ప్రశ్నావళిలో లోకం గురించిన వాక్యాలు పెట్టకండి. ప్రతి వాక్యంలోనూ కర్త "నేను" కావాలి.

2001లో మెగన్ చానెన్-మోరన్, అనిటా వుల్ఫోక్ హోయ్ ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో రూపుదిద్దిన మాపని ఇప్పుడు ప్రపంచంలో బాగా వాడుకలో ఉంది. పెద్దదానిలో 24 ప్రశ్నలు, చిన్నదానిలో 12. మూడు విభాగాలు: బోధనా పద్ధతులు, తరగతి నిర్వహణ, పిల్లలను చదువులో పాల్గొనేలా చేయడం. మన అవసరానికి కూడా ఈ మూడు గదులు బాగా సరిపోతాయి.

మొదటి అడుగు: ఎందుకు కొలుస్తున్నారో ఒక వాక్యంలో రాసుకోండి

"ఫలితం చూశాక నేను ___ నిర్ణయం తీసుకుంటాను." ఈ ఖాళీ నింపలేకపోతే కొలవడం ఆపేయండి. టీచర్ల సమయం విలువైనది. "వచ్చే మూడు కాంప్లెక్స్ సమావేశాల్లో ఏ అంశం మీద పని చేయాలో నిర్ణయిస్తాను" అన్నది మంచి జవాబు. "ఎవరు బలహీనులో తెలుసుకుంటాను" అన్నది ప్రమాదకరమైన జవాబు.

ఈ అంకెలను పనితీరు మదింపుకు, అవార్డుకు, మెమోకు ముడిపెడితే ఆ రోజుతో కొలత చచ్చిపోయినట్టే. మరుసటిసారి అందరూ పదికి పది వేస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. అందుకే ఈ కాగితాలు ఎవరు చూస్తారో, ఎవరు చూడరో మొదటి రోజే రాతపూర్వకంగా పెట్టండి. పైవాళ్లు అడిగితే మొత్తం గ్రూపు సగటు మాత్రమే ఇస్తామని చెప్పి, దానికి ముందే వాళ్ల మాట తీసుకోండి. ఆ మాట దొరకకపోతే పేర్లు లేకుండా, ఆరో అడుగులో చెప్పబోయే కోడ్లు కూడా లేకుండా చేయండి.

రెండో అడుగు: ఏ పని గురించి అడుగుతున్నారో తేల్చుకోండి

నమ్మకం పనిని బట్టి మారుతుంది. తెలుగు చెప్పడంలో తొమ్మిది వేసే టీచరే ఇంగ్లిష్ మీడియంలో పరిసరాల విజ్ఞానం చెప్పమంటే నాలుగు వేస్తారు. "బోధన" మొత్తానికి కలిపి ఒకే ప్రశ్న అడిగితే ఈ తేడా కొట్టుకుపోతుంది. సైన్స్ బోధనకు విడిగా మాపని కావాలని రిగ్స్, ఇనాక్స్ 1990లోనే ఒకటి తయారుచేశారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలను కలుపుకుని పాఠం చెప్పడం మీద శర్మ, లోర్‌మన్, ఫోర్లిన్ 2012లో 18 వాక్యాల మాపని ఇచ్చారు. మీ పని వీటిలో దేనికైనా దగ్గరగా ఉంటే దాన్నే తీసుకుని, రచయితల అనుమతి అడిగి వాడండి. థీసిస్ రాసేవారికి ఇదే మేలు, ఇతర దేశాల ఫలితాలతో పోల్చుకునే వీలుంటుంది.

బడిలో మార్పు కోసం చేసేవారైతే సొంతంగా రాసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు లాంటి కార్యక్రమం కింద చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు నేర్పుతున్న టీచర్‌కు ఎదురయ్యే కష్టాలు ఒహాయోలో రాసిన ప్రశ్నల్లో కనబడవు. బహుళ తరగతి బోధన వాటిలో ఉండదు. ఇంట్లో గోండి, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలు ఉండరు. నేను ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకుంటున్నది ప్రాథమిక బడి టీచర్‌ను.

మూడో అడుగు: వాక్యాలు రాయడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. నాలుగు రోజులు పట్టినా ఫర్వాలేదు.

తెలుగులో మనకో గొప్ప సౌకర్యం ఉంది. "నేర్పుతాను", "నేర్పాలి", "నేర్పగలను" మూడూ వేర్వేరు. మొదటిది ఉద్దేశం, రెండోది బాధ్యత, మూడోదే సామర్థ్యం మీద నమ్మకం. ప్రశ్నావళి తయారీ గురించి బండూరా 2006లో రాసిన సూచనల్లో నొక్కి చెప్పిన విషయం కూడా ఇదే: చేస్తారా అని అడగవద్దు, చేయగలరా అని అడగండి. మనకు ఆ పని "గల" అన్న రెండక్షరాలు చేసిపెడతాయి. మీ ప్రశ్నావళిలో ప్రతి వాక్యం చివర "గలను" ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి. "గలుగుతున్నాను" అని రాస్తే అది ఇప్పటిదాకా జరిగినదాని గురించి అవుతుంది, అదీ వేరే సంగతి.

రెండో నియమం: వాక్యంలో కష్టం కనబడాలి. "పిల్లలకు తీసివేత నేర్పగలను" అంటే అందరూ పది వేస్తారు. అందరూ పది వేసే ప్రశ్న ఏమీ చెప్పదు. "అప్పు తీసుకుని చేసే తీసివేత రెండుసార్లు చెప్పినా అర్థం కాని పిల్లలకు, అదే విషయాన్ని మూడో పద్ధతిలో చెప్పగలను" అంటే అప్పుడు చెయ్యి ఆగుతుంది. ఆ ఆగడమే మనకు కావలసింది.

మూడోది: ఒక వాక్యంలో ఒకే పని. "తరగతిని అదుపులో పెట్టి, పాఠం ఆసక్తిగా చెప్పగలను" అని రాస్తే ఒకటి వచ్చి ఒకటి రానివారు ఏం వేయాలి? వ్యతిరేక వాక్యాలు కూడా వద్దు. "చేయలేనని అనుకోను" అన్న వాక్యం దగ్గర సున్నా వేయాలో పది వేయాలో తెలియక జనం తికమక పడతారు, మీ లెక్కలన్నీ తారుమారవుతాయి.

ఇవిగో, ప్రాథమిక బడి కోసం రాసిన 12 వాక్యాలు. మీ చోటుకు తగ్గట్టు మార్చుకోండి.

బోధన:
1. అక్షరాలు గుర్తుపట్టలేని మూడో తరగతి పిల్లవాడికి మూడు నెలల్లో సరళ పదాలు చదవడం నేర్పగలను.
2. అప్పు తీసుకుని చేసే తీసివేత రెండుసార్లు చెప్పినా అర్థం కాని పిల్లలకు మూడో పద్ధతిలో చెప్పగలను.
3. పిల్లవాడు రాసిన తప్పు జవాబు చూసి, ఎక్కడ పొరబడ్డాడో కనిపెట్టగలను.
4. పాఠం ఎవరికి అర్థం కాలేదో ఆ పీరియడ్‌లోనే తెలుసుకోగలను.

తరగతి నడపడం:
5. ఒక తరగతికి పాఠం చెబుతున్నంతసేపూ మరో తరగతి పిల్లలు తమ పని తాము చేసుకునేలా చూడగలను.
6. గొడవ చేసే పిల్లవాడిని కొట్టకుండా దారికి తేగలను.
7. మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్‌లో కూడా పిల్లల మనసు పాఠం మీద నిలపగలను.
8. తోటి టీచర్ సెలవు పెట్టిన రోజు, రెండు తరగతులను కలిపి కూర్చోబెట్టినా పాఠం నడపగలను.

పిల్లలను కలుపుకోవడం:
9. తరగతిలో అస్సలు నోరు విప్పని పిల్ల చేత రోజుకు ఒక్కసారైనా మాట్లాడించగలను.
10. వారం రోజులు బడి మానేసి వచ్చిన పిల్లవాడిని ఆ రోజు పాఠంలో కలుపుకోగలను.
11. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు తెలుగు పాఠంలో పాల్గొనేలా చేయగలను.
12. "నాకు రాదు సార్" అని పలక పక్కన పెట్టేసిన పిల్లవాడి చేత మళ్లీ ప్రయత్నం చేయించగలను.

నాలుగో అడుగు: ఎన్ని అంకెల స్కేలు?

బండూరా సున్నా నుంచి 100 దాకా, పది పది చొప్పున వేయమంటారు. చానెన్-మోరన్, హోయ్ మాపనిలో 1 నుంచి 9 దాకా ఉంటుంది. "ఏకీభవిస్తాను, ఏకీభవించను" అన్న ఐదు గడుల పద్ధతి మన దగ్గర ఎక్కువ వాడతారు కానీ, ఈ పనికి అది చాలదు. అందరూ నాలుగు, ఐదు గడుల్లోనే చేరిపోతారు. వంద స్కేలుతో మన టీచర్లకు మరో చిక్కుంది. జీవితమంతా మార్కులు వేసిన చేతులు కదా, 35 చూడగానే పాస్ మార్కు గుర్తొస్తుంది, ఎవరూ దానికి కిందికి దిగరు. అందుకని నేను 0 నుంచి 10 వాడతాను. 0 దగ్గర "అస్సలు చేయలేను", 5 దగ్గర "కొంతవరకు చేయగలను", 10 దగ్గర "తప్పకుండా చేయగలను" అని రాయండి. మధ్య అంకెలకు మాటలు అక్కర్లేదు.

అసలు ప్రశ్నలకు ముందు ఒక సాధన ప్రశ్న పెట్టండి. బరువులెత్తే ఉదాహరణతో సాధన చేయించడం బండూరా సూచనల్లోనే ఉంది. మనం బియ్యం సంచులతో చేద్దాం: 10 కేజీల సంచి ఎత్తగలను, 25 కేజీల సంచి ఎత్తగలను, 50 కేజీల బస్తా ఎత్తగలను, 100 కేజీల బస్తా ఎత్తగలను. ఒక్కోదానికి సున్నా నుంచి పది వేయమనండి. హాల్లో నవ్వులు మొదలవుతాయి, టెన్షన్ తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, తక్కువ అంకె వేయడం సిగ్గుపడే విషయం కాదని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. వంద కేజీల బస్తాకు సున్నా వేసినవారిని ఎవరూ తప్పుపట్టరు.

ఐదో అడుగు: ఐదుగురితో కూర్చుని చదివించండి

ఇంగ్లిష్ మాపనిని తెలుగు చేస్తున్నవారైతే ఒకరు తెలుగులోకి, దాన్ని చూడని మరొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి రెండూ పోల్చుకోవాలి. 1970లో బ్రిస్లిన్ చెప్పిన ఈ పద్ధతిని ఇప్పటికీ చాలామంది పాటిస్తున్నారు. కానీ ఇది మాటలు సరిపోయాయో లేదో చెబుతుందే తప్ప, టీచర్ తలలో ఏం మెదిలిందో చెప్పదు. దానికి ఎదురుగా కూర్చోవాలి.

నేను మొదటిసారి రాసుకున్న ప్రశ్నావళిలో ఒక వాక్యం ఇలా ఉండేది: "విద్యార్థులలో అభ్యసనం పట్ల ఆసక్తిని పెంపొందించగలను." చదవడానికి నిండుగా ఉంది. పదిహేనేళ్ల సర్వీసున్న ఒక మేడం చేతికిచ్చి, గట్టిగా చదువుతూ జవాబు వేయమన్నాను. చదివారు, వెంటనే 9 వేశారు.

"ఎవరిని తలుచుకుని వేశారు మేడం?"

"మా ముందు బెంచీ పిల్లలని."

"చివర గోడ పక్కన కూర్చునేవాళ్లని తలుచుకుంటే?"

ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. కిటికీ వైపు చూస్తూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తొమ్మిదిని కొట్టేసి, పక్కన 4 వేశారు. "వాళ్ల గురించి అడుగుతున్నారని ఆ వాక్యంలో లేదు కదండీ" అన్నారు.

ఆ ఒక్క మాటతో ప్రశ్నావళి మొత్తం తిరగరాశాను. ఆ వాక్యమే పైన తొమ్మిదో వాక్యంగా, పన్నెండో వాక్యంగా రెండయ్యింది. మీరూ ఇలా ఐదుగురితో చేయండి. ఐదుగురూ ఒకే రకం బడివాళ్లు కాకుండా చూసుకోండి: ఒకరు ఏకోపాధ్యాయ బడి నుంచి, ఒకరు కొత్తగా డీఎస్సీలో వచ్చినవారు, ఒకరు రిటైర్మెంట్‌కు దగ్గరున్నవారు, ఇలా. ప్రతి వాక్యం దగ్గర మూడే అడగండి: దీన్ని మీ మాటల్లో చెప్పండి, ఎవరిని తలుచుకున్నారు, ఈ అంకె ఎందుకు వేశారు. ఇద్దరు తడబడిన వాక్యాన్ని మొహమాటం లేకుండా మార్చేయండి. పాఠ్యపుస్తకాల భాషలో "అభ్యసనం", "సామర్థ్యాల సాధన", "భాగస్వామ్యం" లాంటి మాటలు ఎక్కడున్నా మొదట వాటిని అనుమానించండి.

ఆరో అడుగు: నింపించడం

ఎప్పుడు? తనిఖీ జరిగిన వారంలో వద్దు, పరీక్షల పేపర్లు దిద్దే రోజుల్లో వద్దు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం కూడా వద్దు, పిల్లలెవరో ఇంకా తెలియదు. జులై రెండు, మూడు వారాల్లో కాంప్లెక్స్ సమావేశం ఉంటే అది మంచి సమయం. సమావేశం మొదట్లో, టీ తాగకముందే ఇవ్వండి. చివర ఇస్తే బస్సు గురించే ఆలోచిస్తారు.

ఎలా? కాగితం మీదే. ఫోన్‌లో లింకు పంపితే పని తేలికే, కానీ ఆ ఫారం మెయిల్ ఐడీ అడిగిందంటే పేరు చెప్పినట్టే. లింకే వాడాల్సి వస్తే మెయిల్ సేకరణ ఆపేసి, ఆపేసినట్టు వాళ్ల ఎదురుగా చూపించండి. హెచ్‌ఎంలను, ఎంఈఓ గారిని ఆ ఇరవై నిమిషాలు బయట కూర్చోమని గౌరవంగా అడగండి. కాగితాలు నింపాక ఒక అట్టపెట్టెలో వాళ్లే వేయాలి, మీ చేతికి ఇవ్వకూడదు.

ఆరు నెలల తర్వాత అదే మనిషి కాగితంతో పోల్చాలంటే గుర్తు కావాలి కదా. దానికి పేరు అక్కర్లేదు. పైన మూడు గడులు పెట్టండి: అమ్మ పేరులో మొదటి అక్షరం, మీరు పుట్టిన తేదీ (నెల, సంవత్సరం వద్దు), మీరు చదివిన మొదటి బడి ఉన్న ఊరి పేరులో మొదటి అక్షరం. "ల-17-క" లాంటి కోడ్ వస్తుంది. రాసినవారికి ఎప్పుడూ గుర్తుంటుంది, మీకు మనిషి తెలియదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. పేరు తీసేసి, స్త్రీ పురుష భేదం, సర్వీసు, సబ్జెక్టు, బడి రకం అన్నీ అడిగితే ఇరవైమంది కాంప్లెక్స్‌లో ఎవరు ఎవరో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. సర్వీసు ఒక్కటే అడగండి, అదీ "5 ఏళ్ల లోపు, 5 నుంచి 15, 15 పైన" అని.

చదివి వినిపించాల్సిన మాటలు కూడా ముందే రాసుకోండి: "ఇది పరీక్ష కాదు. తక్కువ వేస్తే ఎవరూ అడగరు. మీ తరగతిలో ఈ ఏడాది ఉన్న పిల్లలనే తలుచుకుని, ఈ రోజు మీకెలా అనిపిస్తే అలా వేయండి."

ఏడో అడుగు: లెక్కలు

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో టీచర్‌కు ఒక్కో అడ్డు వరుస, ఒక్కో వాక్యానికి ఒక్కో నిలువు వరుస. ఖాళీ వదిలిన చోట సున్నా వేయకండి, ఖాళీగానే ఉంచండి. సున్నా కూడా ఒక జవాబే. మూడు కన్నా ఎక్కువ ఖాళీలున్న కాగితాన్ని పక్కన పెట్టండి. మొదట నిలువు వరుసల సగటు తీయండి, దానితో ఏ పని దగ్గర అందరికీ కష్టంగా ఉందో తెలుస్తుంది. తర్వాత ఒక్కో టీచర్‌కు మూడు విభాగాల సగటు విడివిడిగా తీయండి.

మొత్తం 12 వాక్యాల సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. ఒక ఊహా ఉదాహరణ చెబుతాను. ఒక టీచర్ అన్నిటికీ 6 వేశారు, సగటు 6. మరొకరు బోధన వాక్యాలకు 9, తరగతి నడపడానికి 3, పిల్లలను కలుపుకోవడానికి 6 వేశారు, సగటు అదే 6. మొదటివారికి ఏం కావాలో ఈ కాగితం చెప్పదు, వెళ్లి మాట్లాడాలి. రెండోవారికి పాఠం చెప్పడం మీద మరో శిక్షణ ఇస్తే వృథా, ఆవిడకు బహుళ తరగతి గదిని నడిపే కిటుకులు కావాలి.

ఇక విశ్వసనీయత. అంటే ఈ వాక్యాలన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయా, ఒక్కోటి ఒక్కో దారి పట్టిందా అన్నది. దీనికి 1951 నుంచి క్రోన్‌బాక్ ఆల్ఫా అనే లెక్క వాడుతున్నారు. స్ప్రెడ్‌షీట్‌లోనే చేసుకోవచ్చు. ప్రతి వాక్యం నిలువు వరుసకు వేరియన్స్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) తీసి అన్నీ కూడండి. ఒక్కో టీచర్ మొత్తం స్కోరు వేసి, ఆ మొత్తాల వేరియన్స్ తీయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, వచ్చినదాన్ని 1 నుంచి తీసేయండి. దాన్ని 12/11తో, అంటే వాక్యాల సంఖ్యను అందులో ఒకటి తగ్గించిన సంఖ్యతో భాగించగా వచ్చిన దానితో హెచ్చించండి. ఉదాహరణకు వాక్యాల వేరియన్స్‌ల మొత్తం 27, మొత్తం స్కోర్ల వేరియన్స్ 140 అయితే: 27ను 140తో భాగిస్తే 0.193. ఒకటిలోంచి తీస్తే 0.807. దాన్ని 12/11తో హెచ్చిస్తే 0.88. బాగున్నట్టే.

0.70 పైన ఉంటే వాడుకోవచ్చని సాధారణంగా ఒప్పుకుంటారు. 0.95 దాటితే సంతోషించే ముందు వాక్యాలు మళ్లీ చదవండి, ఒకే ప్రశ్నను పన్నెండు రకాలుగా అడిగి ఉండొచ్చు. పైన చెప్పిన ఒహాయో మాపనికి దాని తయారీదారులు చెప్పిన ఆల్ఫా 24 ప్రశ్నలకు 0.94, 12 ప్రశ్నలకు 0.90. ఇరవై, ముప్పైమంది దగ్గర తీసిన ఆల్ఫా నిలకడగా ఉండదు, అటూ ఇటూ ఊగుతుంది, దాన్ని గట్టి రుజువుగా చూపించకండి. మూడు విభాగాలు నిజంగా మూడేనా అని తేల్చే కారక విశ్లేషణకైతే రెండు వందలమందైనా కావాలి. ఇంకో సంగతి: ఇంకా బడిలో అడుగుపెట్టని డీఎడ్, బీఈడీ విద్యార్థుల్లో ఈ మూడు విభాగాలు స్పష్టంగా విడిపోవని ఆ మాపని తయారుచేసినవారే గమనించారు. వారికి మొత్తం సగటు చాలు.

ఎనిమిదో అడుగు: అంకెలను చదవడం

ఎక్కువ అంకె మంచి బోధనకు రుజువు అనుకోవద్దు. వుల్ఫోక్ హోయ్, బర్క్ స్పెరో 2005లో వెలువరించిన అధ్యయనంలో, శిక్షణ పొందే కాలంలో పెరిగిన నమ్మకం ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది తగ్గిందని తేలింది. టీచింగ్ ప్రాక్టీసులో పక్కన గైడ్ టీచర్ ఉంటారు. ఉద్యోగంలో తలుపు వేసుకుంటే మనమే. కాబట్టి కొత్తగా చేరినవారి అంకె పడిపోతే కంగారు పడి మందలించకండి, ఆ సమయంలో పక్కన నిలబడే మనిషిని పంపండి.

అలాగే తక్కువ అంకె ప్రతిసారీ చెడ్డది కాదు. సందేహం ఉన్న టీచర్ నేర్చుకోవడానికి ముందుకొస్తారని వీట్లీ 2002లో వాదించారు. నా అనుభవంలోనూ 4 వేసి "నేర్పించండి" అన్నవారితో పని సులువు. అన్నిటికీ 10 వేసినవారితో ఓపిగ్గా మాట్లాడాలి. ఆ పది భయంతో వేసింది కావచ్చు, నిజం కూడా కావచ్చు.

శిక్షణకు ముందు, తర్వాత కొలిచేవారికి తరచూ ఎదురయ్యే చిక్కొకటుంది. మంచి శిక్షణ ఇచ్చాక అంకె తగ్గుతుంది! శిక్షణకు ముందు "తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టగలను" అంటే టిక్కు పెట్టి, కొట్టివేత గీయడం అనుకున్నారు, 8 వేశారు. శిక్షణలో తీసివేత తప్పులు ఎన్ని రకాలో చూశారు. ఇప్పుడు అదే వాక్యానికి 6 వేస్తారు. వాళ్లు వెనక్కి పోలేదు, చేతిలోని కొలబద్ద మారింది. దీనికి మందు ఉంది: శిక్షణ తర్వాత కాగితంలో ప్రతి వాక్యం పక్కన రెండు గడులు పెట్టండి. ఒకటి "ఇప్పుడు", మరొకటి "ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, శిక్షణకు ముందు నేనెక్కడున్నాను". ఈ రెండూ ఒకే కొలబద్దతో వేసినవి కాబట్టి పోలిక కుదురుతుంది. జ్ఞాపకం కొంచెం అటూఇటూ అవుతుందన్న మాట నిజమే, అందుకని మొదటి కాగితాన్ని కూడా పారేయకండి.

వీలైతే కొందరి తరగతులు చూడండి, వారి అనుమతితో. కాగితం, గది ఒకే మాట చెబుతున్నాయా అన్నది చూడటానికి ఇంతకన్నా దారి లేదు.

తొమ్మిదో అడుగు: ఫలితాన్ని తిరిగి వాళ్ల చేతికే ఇవ్వండి

అంకెలు తీసుకుని వెళ్లిపోయి మళ్లీ కనబడనివారిని టీచర్లు చాలామందిని చూశారు. నెల తిరగకముందే వెనక్కి రండి. సగటులు పెద్ద చార్టు మీద రాసి గోడకు పెట్టండి, తక్కువ వచ్చిన మూడు వాక్యాలు చదివి, "ఇవి మనందరికీ కష్టంగా ఉన్నాయి" అని మొదలుపెట్టండి. పక్కవాళ్లకు కూడా ఇదే కష్టమని తెలియగానే గదిలో గాలి మారుతుంది.

తర్వాత ఏ సాయం ఇవ్వాలో బండూరా చెప్పిన నాలుగు మూలాలు దారి చూపిస్తాయి. అన్నిటికన్నా బలమైనది సొంతంగా చేసి గెలిచిన అనుభవం, అందుకని పనిని చిన్నది చేసి ఇవ్వండి: ఒక పిల్లవాడు, రెండు వారాలు, పది పదాలు. రెండోది తనలాంటి బడిలో, తనలాంటి టీచర్ చేయడం చూడటం. మోడల్ స్కూలు వీడియో చూపిస్తే "అక్కడ అన్నీ ఉన్నాయి" అంటారు. పక్క ఊరి ఏకోపాధ్యాయ బడికి తీసుకెళ్తే నోరు మెదపకుండా చూస్తారు. మూడోది నమ్మదగిన మనిషి చెప్పే మాట, "బాగుంది మేడం" అన్నంత మాత్రాన సరిపోదు, ఏం బాగుందో చెప్పాలి. నాలుగోది ఒళ్లూ మనసూ ఉన్న స్థితి. యాప్‌లో ఎంట్రీలు, ఫోటోలు, రిజిస్టర్లతో సగం పూట పోయిన టీచర్ భోజనం తర్వాతి పీరియడ్‌కు 3 వేస్తే, దానికి మందు శిక్షణ కాదు, ఆ ఎంట్రీల పని తగ్గించడమే. ఈ విషయం కూడా నివేదికలో రాయండి, మొహమాటపడకండి.

రెండోసారి కొలిచేటప్పుడు అవే వాక్యాలు, అదే వరుస, అదే స్కేలు, వీలైతే అదే హాలు. మధ్యలో ఒక వాక్యం నచ్చకపోయినా మార్చకండి, మారిస్తే ఆ వాక్యానికి పోలిక పోతుంది. కొత్తది కావాలంటే చివర పదమూడోదిగా చేర్చండి.

మొదట్లో చెప్పిన ఎస్‌జీటీ గారు జులైలో ఐదో వాక్యానికి 3 వేశానని ఆయనే నాకు చెప్పారు. ఆగస్టులో ఇంకో ఇద్దరితో కలిసి పది కిలోమీటర్ల దూరంలోని మరో ఏకోపాధ్యాయ బడికి వెళ్లి ఒక పూట కూర్చున్నారు. జనవరిలో రెండోసారి కాగితాలు పంచినప్పుడు, పెట్టెలో వేసే ముందు ఆయన తన కాగితం నాకు చూపించారు. ఐదో వాక్యం ఎదురుగా 6 ఉంది. "నాలుగు, ఐదు తరగతులు వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారు సర్. ఒకటో తరగతి పిల్లలు మాత్రం నేను అటు తిరిగితే చాలు, లేచి నా వెనకే వస్తున్నారు. దానికేదైనా చెప్పండి" అన్నారు.